గోడ లేని నీళ్లు

కరోనా తగ్గిన తరువాతి రెండో చలికాలంలో, జనవరి చివర, సముద్ర కయాకింగ్ శిక్షణ శిబిరానికి నన్ను సీనియర్ శిక్షకుడిగా వేశారు. శిబిరం బాపట్ల వైపు తీరంలో, ఆరు రోజులు. అభ్యర్థులు మాత్రం అందరూ మా శంషాబాద్ చుట్టుపక్కలవాళ్లే. సముద్రానికి ఇంత దూరాన ఉన్నవాళ్లకు సముద్రం నేర్పడమేమిటని నవ్వేవాళ్లు నవ్వారు. విమానం ఎక్కనివాళ్ల ఊళ్ల మధ్య విమానాశ్రయం ఉండగా లేనిది, సముద్రం చూడనివాళ్లు పడవ నడిపితే వచ్చిన నష్టమేమిటని నేనన్నాను.

మాది మామిడిపల్లి. ఏడో తరగతిలో బడి నన్ను వదిలించుకుంది. నేనే దాన్ని వదిలేశానని ఊళ్లో చెప్పుకున్నాను. ఆ తరువాత నేర్చిన మొదటి విద్య బావుల్లో పడిన మోటార్లు తీయడం. నడుముకు తాడు కట్టుకుని మునిగి, అడుగున బురదలో మోటారుకు కొక్కెం తగిలించి రావాలి. మోటార్లు తీసేవాడికి కొన్నాళ్లకు, మునిగినవాళ్లను తీయమని పోలీసుల నుంచీ పిలుపు వస్తుంది. క్వారీ గుంతల్లోంచి నేను బయటికి తెచ్చినవాళ్లంతా ఈత రానివాళ్లే అనుకోకండి. వచ్చినవాళ్లూ తక్కువేం లేరు.

ఆ పనిలో ఉండగానే నీటి క్రీడలు నేర్పే ఒక సంస్థలో చేరాను. మా దగ్గర హోదాలు తేలిక. సహాయకుడు పడవలు మోస్తాడు. గైడు అతిథులను నీళ్ల మీదికి తీసుకెళ్తాడు. శిక్షకుడు గైడ్లను తయారుచేస్తాడు. సీనియర్ శిక్షకుడు అందరినీ తిడతాడు. ఆయన పైన చీఫ్ శిక్షకుడు ఉంటాడు. గైడు ధ్రువపత్రం మీద సీనియర్ సంతకం, చీఫ్ సంతకం, రెండూ ఉండాలి. ఒకటి లేకపోయినా అది పకోడీలు కట్టుకోవడానికే పనికొస్తుంది.

ఆ ఏటి అభ్యర్థుల్లో మల్లేశ్ ఒకడు. ముప్పై దాటినవాడు, విమానాశ్రయానికి క్యాబ్ నడిపేవాడు. వాళ్ల నాయినా నేనూ జతగా మోటార్లు తీశాం. ఒకడు మునిగితే ఒకడు పైన తాడు పట్టేవాడు. మల్లేశ్‌కు చిన్నప్పుడు ఈత నేర్పింది కూడా నేనే, వాళ్ల పొలంలోని బావిలో. నడుముకు ఖాళీ నూనె డబ్బా కట్టి లోపలికి తోశాను. తోసే ముందు చెప్పిన మాట ఒక్కటే: "పడ్డవా, ఇటు జూడకు, అటు జూడకు. గోడ అందుకో." బావికి అదే సరైన మాట. ఇప్పుడా బావి లేదు, పూడ్చి పైన రోడ్డేశారు.

కందుకూరు వైపు ఒక రిసార్టులో పడవల విభాగం పెడుతున్నారు. గైడు ధ్రువపత్రం తెస్తే పగటి ఉద్యోగం ఇస్తామని మల్లేశ్‌కు మాటిచ్చారు. వాడికి కావలసింది ఆ పగలే. రాత్రంతా బండి నడిపి, ఇంటికొచ్చి పడుకుంటాడు. "నా బిడ్డ నన్ను ఎప్పుడు జూసినా నిద్రల్నే జూస్తది కాకా" అన్నాడు చేరే రోజున. "నాయిన బొమ్మ గియ్యమంటే మంచం గీసి, దాని మీద దుప్పటి గీసింది." నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

శిబిరానికి ముందు రెండు వారాలు మా ఊరి పక్కన క్వారీ గుంతలో సాధన. కయాక్ అంటే ఒక్క మనిషి పట్టే సన్నటి పడవ. కాళ్లు లోపలికి చాపుకుని కూర్చోవాలి. నీళ్లు లోపలికి రాకుండా నడుము చుట్టూ రబ్బరు గుడ్డ తొడిగి, దాని అంచును పడవ నోటికి బిగించాలి. దాన్ని స్కర్టు అంటారు. ఆ పేరు వినగానే మల్లేశ్ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని దూరంగా పెట్టాడు. "కాకా, మా ఆడామె జూస్తే ఇంట్లకు రానియ్యదు." పక్కనే పద్మ అప్పటికే తొడుక్కుని నిలబడింది. ఆమె షాద్‌నగర్ మనిషి, మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని మానేసి వచ్చింది. "తొడుక్కో మల్లేశా, నీకే మంచిగుంటది. మాకైతే నడుమున్నది, నీకు పొట్టే ఉన్నది" అంది. ఆ రోజు నుంచి వాళ్లిద్దరినీ జతగా వేశాను. సముద్రంలో ఎవరూ ఒంటరిగా ఉండరు. ప్రతి పడవకూ ఒక జత పడవ ఉంటుంది, దాని మీద ఒక కన్ను ఉంటుంది.

మా గుంతకు ఒక విశేషముంది. దిగే విమానాలు సరిగ్గా మా నెత్తి మీదుగా పోతాయి. ఆ మోతకు ఈల వేసినా వినపడదు. మా ఊళ్లలో అందరికీ ఒక అలవాటు, విమానం వస్తే మాట మధ్యలో ఆపి, అది పోయాక అక్కడి నుంచే అందుకుంటారు. మొగుడూ పెళ్లాల కొట్లాటలకు కూడా ఆ విరామం ఉంటుంది. పడవలో అంత ఓపిక కుదరదు కనుక నేను అన్నీ తెడ్డుతోనే చెప్పేవాణ్ణి. తెడ్డు నిలువుగా ఎత్తితే, ఇటు రా. తలపైన అడ్డంగా పట్టుకుంటే, ఉన్నచోటే ఉండు.

అసలు పాఠం పడవ బోల్తా పడ్డప్పటిది. తలకిందులైన పడవలోంచి స్కర్టు లాగి బయటపడాలి. ఒక చెయ్యి పడవ మీద, ఒక చెయ్యి తెడ్డు మీద ఉంచాలి. జత పడవ వచ్చేదాకా ఆ రెంటినీ వదలకూడదు. జత పడవవాడు నీ పడవలో నీళ్లు వంపి, తన పడవకు ఆనించి పట్టుకుంటే, నువ్వు మళ్లీ ఎక్కి కూర్చుంటావు.

పద్మను పడేస్తే పడవకు బల్లిలా అతుక్కుపోయింది. ఆమె ఈత నేర్చి ఆరు నెలలు కూడా కాలేదు. మల్లేశ్‌ను పడేస్తే, నేను తెడ్డు ఎత్తేలోపే ఈదుకుంటూ పోయి రాతి అంచు ఎక్కి కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"పద్మక్కా, పడవను లగ్గం జేసుకున్నవా ఏంది, గట్ల పట్టుకున్నవ్?" అన్నాడు పైనుంచి.

"నువ్వు ఇడిచిపెట్టినోనివి. నీకేం దెలుస్తది?" అంది ఆమె నీళ్లలోంచి.

మళ్లీ చేయించాను. ముందుగా చెప్పి పడేస్తే చక్కగా పడవ పట్టుకునేవాడు. చెప్పకుండా పడేస్తే గోడకే పోయేవాడు. సముద్రంలో గోడ ఉండదు కనుక అక్కడ సర్దుకుంటుందని చీఫ్ గారు అన్నారు. ఆయన తీరంలో పుట్టి పెరిగిన మనిషి, ఎవరినైనా మీరు అనే పిలుస్తారు, తిట్టినా మీరనే తిడతారు. ఆయన మాట కాదనడానికి నా దగ్గర అప్పటికి ఆధారమేమీ లేదు.

శిబిరంలో మొదటి మూడు రోజులు మంచిగానే గడిచాయి. అలలు విరిగే చోటు దాటడం, గాలికి ఎదురుగా తెడ్డు వేయడం నేర్పాం. నాలుగో రోజు పొద్దున నేలగాలి లేచింది. చలికాలం పొద్దుటి పూట భూమి మీది నుంచి సముద్రంలోకి వీచే గాలి అది. కొత్తవాళ్లను మోసం చేసేది ఈ గాలే. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా కనబడతాయి, తాటిచెట్లు లెక్కపెట్టేంత దగ్గరగా కనబడతాయి. తేలే వస్తువు మాత్రం లోపలికి పోతూనే ఉంటుంది.

అలలు విరిగే వరుసకు అవతల, పక్క నుంచి వచ్చిన ఒక అల మల్లేశ్ పడవను తిప్పేసింది. వాడు బయటపడ్డాడు, తల కనబడింది. ఒక్క క్షణం చెయ్యి పడవ మీదే ఉంది. తరువాత వాడు ఒడ్డు వైపు చూశాడు. నేను దూరంగా ఉన్నాను. తెడ్డును తలపైన అడ్డంగా పట్టుకున్నాను. వాడు చూశాడు కూడా. చూసి, పడవ వదిలి ఈత మొదలుపెట్టాడు.

ఖాళీ పడవను గాలి తీసుకుపోయింది. చీఫ్ గారు మిగిలినవాళ్లను ఒకచోట చేర్చి నిలిపారు. నేను వాడి వైపు తెడ్డు వేశాను. పడవలో కూర్చున్నవాడికి, అలల మధ్య ఒక తల అంటే టెంకాయంత. అల లేస్తే కనబడదు, దిగితే వేరే చోట కనబడుతుంది. రెండు అలల తరువాత నాకు వాడు కనబడలేదు. క్వారీ గుంతల అంచున నిలబడి నీళ్లకేసి చూసిన రోజులు నాకు తెలుసు. అలాంటి చూపుతో చూస్తున్నానని నాకే తెలిసింది.

అప్పుడు పద్మ తెడ్డు కనబడింది. జత మనిషి చేయవలసిన పనిని ఆమె చేస్తోంది. ఈదేవాడి మీది నుంచి కళ్లు తియ్యకుండా, వాడున్న దిక్కుకే తెడ్డు చాపి ఉంచడం. ఆమె పడవ ఊగుతోంది, ఒరుగుతోంది, ఆ తెడ్డు మాత్రం దిక్కు మార్చలేదు. నేను సముద్రాన్ని చూడడం మానేసి ఆ తెడ్డునే చూస్తూ పోయాను.

వాడు దొరికిన చోట, ఒడ్డు నుంచి లోపలికి లాగే పాయ ఒకటి ఉంది. వాడు ఈదుతూనే ఉన్నాడు, ఉన్నచోటే ఉన్నాడు. లైఫ్ జాకెట్ ఉండబట్టి తల పైనే ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. నా పడవ వెనక కొస అందించాను. పట్టుకున్నాడు. ఊపిరి అందాక వాడన్న మొదటి మాట ఇది.

"గోడ వస్తలేదు కాకా."

పాయలోంచి పక్కకు తప్పించి వాణ్ణి ఒడ్డుకు లాక్కొచ్చాను.

పడవను మధ్యాహ్నానికి జాలర్లు తెచ్చిచ్చారు. ఐదో రోజు మల్లేశ్‌కు మళ్లీ పరీక్ష పెట్టాం. అందరూ చూస్తుండగా బోల్తా పడి, పడవ వదలకుండా, తెడ్డు వదలకుండా, పుస్తకంలో బొమ్మలా చేసి చూపించాడు. ఆ సాయంత్రం చీఫ్ గారు నన్ను పక్కకు పిలిచారు.

"సత్తయ్య గారూ, ఈ జట్టులో అతనంత ఈతగాడు లేడండీ. ఇవాళ చక్కగా చేశాడు. పైగా ఉద్యోగం చేతిలో ఉన్నవాడు. మీరు పెడితే నేనూ పెడతాను."

ఇవాళ పడతానని వాడికి తెలుసు, నిన్న తెలియదు అన్నాను. గైడు ఏం చేస్తే వెనకున్న అతిథులు అదే చేస్తారు. గైడు పడవ వదిలి ఈదితే, ఈత రాని కుటుంబమంతా వాడి వెనకే నీళ్లలోకి దిగుతుంది. వాళ్లను తీయడానికి ఎవరినో పిలుస్తారు. ఆ పిలుపు ఎలా ఉంటుందో నాకు తెలుసు. చీఫ్ గారు ఆ ధ్రువపత్రాన్ని తిరిగి ఫైల్లో పెట్టేశారు.

మల్లేశ్‌కు నేనే చెప్పాను.

"నువ్వు నేర్పిందే జేసిన గద కాకా" అన్నాడు.

"బాయిల నేర్పిన రా. ఇది బాయి గాదు."

"నా బిడ్డకేం జెప్పాలె మరి?"

తిరుగు ప్రయాణంలో వ్యానులో వాడు వెనక సీట్లో, పడవల తాళ్ల మధ్య కూర్చున్నాడు. రిసార్టు ఉద్యోగం పద్మకు వచ్చింది. మల్లేశ్ మళ్లీ రాత్రి బండికే పోయాడు. మా గల్లీలో నేను ఎదురైతే క్యాబ్ అద్దం ఎక్కించుకునేవాడు. నేనూ ఆపలేదు. అద్దం వెనకైనా మనిషి ఉన్నాడు గదా అనుకునేవాణ్ణి.

వానలు పడి గుంత నిండాక ఒక పొద్దున వచ్చాడు. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి. పలకరింపు లేదు.

"పడెయ్యి కాకా."

"ఎప్పుడు పడేస్తనో చెప్పను రా."

"చెప్పకు."

ఆ తరువాత వారానికి ఒకటి రెండు పొద్దులు నిద్ర మానుకుని వచ్చేవాడు. పడవలో కూర్చుని తెడ్డు వేస్తుంటే, కూతురి బడి సంగతులు చెబుతుంటే, తుమ్ముతుంటే పడేసేవాణ్ణి. మొదటి నెలంతా గోడకే పోయాడు. అక్కడికి చేరాక తెలిసేది వాడికి, రాతి మీద పిడికిలితో గుద్దేవాడు. అప్పుడు నాకొకటి అర్థమైంది. సముద్రం కంటే ఈ గుంతలోనే పరీక్ష కష్టం. ఒడ్డు అందనంత దూరంలో ఉంటే ఎవడైనా చివరికి పడవనే పట్టుకుంటాడు. గోడ నాలుగు బారల దూరంలో ఉన్నప్పుడు పట్టుకోవడమే కష్టం.

మరుసటి చలికాలం మొదట్లో ఒక పొద్దున, పద్మ కూడా చూడడానికి వచ్చింది. వాళ్ల రిసార్టులో రెండో గైడు కావాలట. మల్లేశ్ ఆమెతో ఏదో ఎకసెక్కం మొదలుపెట్టాడు, అంతలో విమానం వచ్చింది. అలవాటు కొద్దీ మాట ఆపి, అది పోవడం కోసం తల పైకెత్తాడు. అప్పుడు తిప్పేశాను.

బయటికొచ్చాడు. తల గోడ వైపు తిరిగింది. గోడ చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంది. పైన విమానం చక్రాలు దించుకుని పోతోంది, ఎవరి మాటా ఎవరికీ వినపడదు. నేను తెడ్డు ఎత్తలేదు, సైగ చెయ్యలేదు. వాడి ఎడమ చెయ్యి పడవ మీద ఉంది, కుడి చేతిలో తెడ్డు ఉంది. విమానం పోయింది. చెయ్యి పడవ మీదే ఉంది. పద్మ తన పడవ తెచ్చి అడ్డంగా ఆనించింది. నీళ్లు వంపింది, వాణ్ణి ఎక్కించింది.

"గోడ పక్కనే ఉండె గదరా, పోకపోతివి?" అన్నాను.

"ఉండనీ కాకా. దాని జాగల అది ఉంటది. నా జాగల నేనుంట." తరువాత పద్మ వైపు తిరిగి, విమానం ఆపేసిన ఎకసెక్కాన్ని ఆగిన మాట దగ్గర నుంచే అందుకున్నాడు.

ఆ రోజే సంతకం పెట్టాను. చీఫ్ గారు ఆ వారంలోనే పెట్టారు. అప్పటి నుంచి రిటైరయ్యేదాకా నేను ఏ అభ్యర్థినీ చెప్పి పడెయ్యలేదు. చెప్పి పెట్టే పరీక్షలో మనిషి బుర్రకు ఏం తెలుసో తెలుస్తుంది. చెప్పకుండా పడేస్తే ఒంటికి ఏం తెలుసో బయటపడుతుంది. నీళ్లలో పనిచేసేది ఒళ్లే కనుక, సంతకం పెట్టవలసింది దాన్ని చూసే.