లుంగీ చూసి తెచ్చిన పెట్టె

మా చెల్లెలి పెళ్లికి రెండు రోజుల ముందు నేను ఒక మిక్సీ పట్టుకుని ఇంటికొచ్చాను. తేవలసింది పెళ్లి చీర. ఈ రెండింటికీ మధ్య ఏం జరిగిందో చెబితే మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి. మా ఊరు గుడియాత్తంలో అందరూ నవ్వేశారు, మీరే మిగిలారు.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. పుణేలో ఉద్యోగం, మెడలో కంపెనీ కార్డు, నాకు తెలియనిది లోకంలో లేదన్న గట్టి నమ్మకం. మాది నేతపని వాళ్ల ఇల్లు. పెళ్లికూతురు ముహూర్తానికి కట్టే చీర ఇంటి మగ్గం మీదే నేయాలనీ, దాని మడత మొదటిసారి ఆ పిల్లే విప్పాలనీ మా ఇంటి పద్ధతి. చెల్లెలు రేవతి కోసం మా అవ్వ నేసింది. కళ్లకు పొర కమ్మింది, చేతులు వణుకుతాయి. రోజుకు జానెడు చొప్పున నెలల తరబడి నేసి, చీరను మగ్గం నుంచి కోసిన రోజునే మగ్గం విప్పించేసింది. "ఇంక నా చేత కాదప్పా" అంది. అంటే ఈ చీర పోతే మరో చీర లేదన్నమాట.

అలాంటి చీరను ఎవరైనా ఏం చేస్తారు? పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. నేను పుణే తీసుకెళ్లాను.

"రవికె ఇక్కడ కుట్టించుకుంటే ఎవరు చూస్తారే? పుణేలో మా పక్కింటావిడ అద్దాల పని చేస్తుంది. మడత విప్పకుండా రంగు చూసి కుడుతుంది" అని రేవతిని ఊరించాను. దానికీ ఆశ పుట్టింది. అవ్వ మాత్రం నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"చేతిలోనే పెట్టుకోని పో, చేతిలోనే పెట్టుకోని రా నాయనా. విమానమోళ్లకి ఇయ్యొద్దు."

"అవ్వా, విమానమంటే పరదరామి బస్సనుకున్నావా? పెట్టెకి చీటీ అంటిస్తారు. కంప్యూటర్లో ఉంటాది."

"కంప్యూటర్ యాడుండాదో నాకు తెలీదు. చీర యాడుండాదో నాకు తెలియాల."

అవ్వ నమ్మలేదు గానీ, తను నేసిన నీలి గళ్ల లుంగీ ఒకటి తెచ్చి నా నల్ల పెట్టె చుట్టూ బిగించి కట్టింది. మా వైపు ఇది మామూలే. మనిషి లేని లుంగీ ఉండొచ్చు గానీ లుంగీ లేని పెట్టె ఊరు దాటదు.

వెళ్లేటప్పుడు బుద్ధిగానే చీర చేతిలో పెట్టుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు చేతిలో లాప్‌టాప్ ఉంది, మిఠాయిల డబ్బాలున్నాయి, పైగా కాఫీ కప్పు పట్టుకుని విమానాశ్రయంలో నడవాలన్న సరదా ఒకటి. చీరా రవికే పెట్టెలోకి వెళ్లాయి, పెట్టె విమానం వాళ్ల చేతికి వెళ్లింది.

అరగంటలో బోర్డు మీద చెన్నై పక్కన 'రద్దు' అని పడింది. తర్వాత హైదరాబాద్ పక్కన, ఢిల్లీ పక్కన, కొచ్చి పక్కన. చూస్తుండగానే బోర్డంతా ఎర్రబడిపోయింది. సిబ్బంది సరిపోలేదని ఒకరు, కొత్త రూలని ఇంకొకరు. మధ్యాహ్నం దాటాక, "ఈ రోజు ఎవరూ ఎక్కడికీ పోరు, మీ పెట్టెలు కింద హాల్లో తీసుకోండి" అన్నారు.

ఆ హాల్లో అడుగుపెట్టి నోరు తెరిచినవాణ్ణి మూయలేదు. అన్ని పెట్టెలు ఒక్కచోట నేను ఎన్నడూ చూడలేదు, ఇకముందు చూడాలనీ లేదు. మా ఊరి దగ్గరి మోర్ధానా ఆనకట్ట పొంగితే నీళ్లకు బదులు పెట్టెలొచ్చినట్టుంది. దాదాపు అన్నీ నల్లవే. కోటూ బూటూ వేసుకున్న మనుషులు ఆ గుట్ట మీద చేతులూ మోకాళ్లూ ఆనించి పాకుతున్నారు. ఒక పెద్దమనిషి పెట్టెను పేరు పెట్టి పిలుస్తున్నట్టే కనిపించాడు. నిజం చెబుతున్నాను, భయమూ వేసింది, దండం పెట్టాలనీ అనిపించింది.

ఆ నల్ల సముద్రంలో నీలి గళ్లు తళుక్కుమన్నాయి! ఒక్క దూకుతో వెళ్లి పట్టుకున్నాను. గేటు దగ్గర నిలబడ్డ అమ్మాయి అలసిపోయిన గొంతుతో హిందీలో అడిగింది.

"సార్, చీటీ నెంబరు సరిచూసుకున్నారా?"

చీటీలో నా సగం జేబులోనే ఉంది. తీయడానికి ఒక్క క్షణం పట్టేది. నేను ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"మేడమ్, మాది నేత కుటుంబం. మా అవ్వ నేసిన బట్టను నేను నెంబరు చూసి గుర్తుపట్టాలా?"

పొద్దుటి నుంచి తిట్లు తింటున్న ఆ అమ్మాయి రెండు చేతులూ జోడించి, వెళ్లమన్నట్టు తల ఊపింది. మన చేనేతకు ఎంత గౌరవం అనుకుని పొంగిపోయాను.

రైల్లో అరక్కోణం దాకా నిలబడి వచ్చాను. పెట్టె విప్పలేదు. అవ్వ ముడి విప్పితే మళ్లీ అలా కట్టడం నాకు రాదు. అరక్కోణంలో బండి మారి శుక్రవారం పొద్దున్నే గుడియాత్తం చేరాను. ఆదివారం పొద్దున ముహూర్తం.

అవ్వ వాకిట్లోనే కూర్చుని ఉంది. యుద్ధం గెలిచొచ్చిన రాజులా పెట్టెను ఆమె ముందు దించాను. అవ్వ లుంగీ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఆగిపోయింది.

"ఇది యాడిదిరా?"

"ఏంది అవ్వా, నువ్వు కట్టిన లుంగీనే కదా!"

"నేను కట్టినేది నేను నేసినేది. ఇది నాది కాదు."

"నీకు కండ్లు సరిగ్గా కనపడవు కదా అవ్వా" అన్నాను. ఆ మాటన్నందుకు ఇప్పటికీ లెంపలు వేసుకుంటుంటాను.

రేవతి పెట్టె విప్పింది. నాలుగు చొక్కాలు, ఒక తువ్వాలు, వాటి మధ్యలో భద్రంగా కొత్త మిక్సీ. రేవతి మిక్సీని చూసింది, నన్ను చూసింది, భోరుమని ఏడ్చింది. అవ్వ చేత్తో తడిమి అదేమిటో తెలుసుకుని, "ముహూర్తానికి బిడ్డ మిక్సీ కట్టుకోవాల్నా?" అంది.

నేను విమానం వాళ్ల నెంబరుకి ఫోన్ చేశాను. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని సంగీతం పెట్టారు. చొక్కాల జేబులు వెతికాను, ఏమీ లేవు. పెట్టె చీటీ మీది పేరు రైలు గుంపులో రాపిడికి చెరిగిపోయింది. నా గొప్ప చదువు అక్కడితో అయిపోయింది.

అప్పుడు అవ్వ లుంగీని ఒళ్లోకి తీసుకుంది. మా అవ్వకు తెలుగు చదవడం రాదు, తమిళం చదవడం రాదు. కళ్లు మూసుకుని, ఆ బట్ట అంచు వెంట బొటనవేలు నడిపించింది. ఒకచోట ఆగింది, గోటితో గీకింది, మళ్లీ నడిపించింది.

"తెగిన పోగుని ముడేయలా. పురి పెట్టి కలిపినాది. ఎడమంచు బిగిసుండాది, కుడంచు వదులు." నవ్వింది. "ఇది పరదరామి కుప్పమ్మ నేసింది. పెండ్లి కాకముందు మన మగ్గం మీదే నేర్చుకునింది ఆ పిల్ల. ఈ గళ్లు నేను నేర్పించినేదే. కుడంచు బిగించవే బిగించవే అని ముప్పై ఏండ్ల ముందే చెప్పినా, ఇన్లేదు."

ఊరూ పేరూ లేని గుడ్డ మీద ఊరూ పేరూ చదివేసింది ఆవిడ. కంప్యూటర్ గురించి నేను పాఠం చెప్పింది ఈవిడకా!

మిక్సీ పెట్టె పట్టుకుని బస్సెక్కి పరదరామి పోయాను. కుప్పమ్మత్త ఇల్లు అడగగానే చూపించారు. లుంగీ చేతిలో పెట్టి సంగతంతా చెప్పాను.

"చెయ్యి పెట్టి కనుక్కునిందా!" అని ఆమె గుడియాత్తం వైపు తిరిగి దండం పెట్టింది. "మా అల్లుడు సుందరానికి ఇచ్చింటి నాయనా. పుణేలోనే ఫ్యాక్టరీ పని. విమానం రద్దయిందంట, రైలెక్కి నిన్న వేలూరికి వచ్చినాడు. నా బిడ్డకి పట్టుచీర తెచ్చినాడంట! పొద్దున్నించి వీధంతా చెప్పుకుంటా ఉండా."

"అత్తా... ఆ చీర మాదే."

కుప్పమ్మత్త ముఖం తెల్లబోయింది. "అయ్యయ్యో! ఈ సాయంత్రం యాదో పెండ్లికి కట్టుకోని పోతానని చెప్పిందే మల్లిక!"

ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మల్లిక మడత విప్పిందంటే అంతే, చీర దొరికినా ముహూర్తానికి పనికిరాదు. వేలూరు బస్సులో నేను మొక్కని దేవుడు లేడు. డ్రైవరు టీకి ఆపిన చోట అతనికీ మొక్కాను.

నేను వెళ్లేసరికి సుందరం గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. లోపల మల్లిక చాప మీద కూర్చుని ఉంది. ఒళ్లో చీర. మడత మడతగానే ఉంది! నేను గడప మీదే కూలబడ్డాను.

"ఈ చీర మీదేనా అన్నా?" అంది మల్లిక.

"మా చెల్లెలిదమ్మా. ఎల్లుండి పెండ్లి."

ఆమె మొగుడి వైపు తిరిగింది. "వినపడిందా?" తర్వాత నాతో, "కట్టుకుందామని తీసినా అన్నా. కొసన పోగులు కత్తిరించకుండా ముడేసుండాది. అది ముహూర్తం బట్టకే కదా పెట్టేది, మా యమ్మ చెప్పింది. ఈయన్ని అడిగితే నీకోసమే కొనింటి అంటాడు. ముహూర్తం బట్ట నాకెందుకు తెస్తాడు? ఇంక ఎవుర్ని చేసుకునేకి తెచ్చినావు చెప్పు అని పొద్దున్నించి అడగతా ఉండా. ఫోన్ కూడా లాక్కున్యా."

సుందరం నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "పెట్టె విప్పంగానే చీర చూసి ఎంత సంతోషపడిందో అన్నా! నాది కాదని చెప్పేకి నోరు రాలా. దేవుడి మాదిరి వచ్చినావు."

"చీటీ నెంబరు చూసుకోలేదా సుందరం?"

"మా అత్త నేసిన లుంగీ నాకు తెలీదా అన్నా?" అన్నాడు తల గీరుకుంటూ.

మల్లిక చీరను రెండు చేతులతో ఎత్తి కళ్లకద్దుకుని నాకిచ్చింది. ఎవరిదో తెలియని పెళ్లి కోసం మొగుడితో పోట్లాడి ఆ మడత కాపాడింది ఆ పిల్ల. నేను లేచి ఆమెకు దండం పెట్టాను. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్తే, మేమిద్దరం మగవాళ్లం పెట్టెలు సర్దుకున్నాం. మిక్సీ అతనికి, చీరా రవికే నాకు. రెండు లుంగీలూ పక్కపక్కన పరిచి వేళ్లతో తడిమి చూశాం. అంచులు లాగాం. వెలుతురుకి పట్టి చూశాం.

"ఇది మా అత్తది" అన్నాడు సుందరం.

"అవును, ఇది మా అవ్వది" అన్నాను నేను. పెద్ద పంచాయతీ తీర్చినట్టు ఇద్దరం తలలూపుకున్నాం.

పొద్దు వాలే వేళకి ఇల్లు చేరాను. చీర చూసి రేవతి నన్ను వాటేసుకుంది, అమ్మ దిష్టి తీసింది. అవ్వ చీర కొసన ముడి తడిమి చూసుకుని, కళ్లు తుడుచుకుంది. ఆ తర్వాత పెట్టె మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి ఆగిపోయింది.

"చీర మనది. పెట్టె మనది" అంది అవ్వ. "లుంగీ కుప్పమ్మది."

నేను నోరు తెరిచేలోపు ఫోన్ మోగింది. అవతల కుప్పమ్మత్త. "నాయనా, మా అల్లుడు మీ అవ్వ లుంగీ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. ఈడు ఇంక మారడప్పా!"

అందుచేత సమస్త నేతన్నల సాక్షిగా, ఇంట్లో ఉన్న పెద్దల ఎదుట, నేను చేసిన ప్రతిజ్ఞ ఇది: ఇకమీదట చీటీ నెంబరు చూడకుండా ఏ పెట్టెనూ నాదని అనను. అవ్వను పక్కన కూర్చోబెట్టుకోకుండా ఏ లుంగీనీ మనదని అనను. ఆ మాటకొస్తే, ప్రస్తుతం నేను కట్టుకున్న లుంగీ గురించి కూడా నన్నేమీ అడక్కండి.