నోరు తెరవని గుల్ల

సిట్టీ... నువ్వు అడిగి అడిగి చెప్పించుకునేదానివే, ఆ గుల్లల కథ... ఈరోజు ఫోనులో రాస్తున్నాను తల్లీ. తప్పులు దిద్దడానికి నువ్వు లేవు. చదివేవాళ్ళే సర్దుకుంటారు.

మా చిన్నప్పుడు... ఉప్పుటేరులో నీళ్ళు తగ్గగానే మీ అమ్మమ్మ నన్నూ, మీ మావనూ వెంటబెట్టుకుని బురదలోకి దిగేది. కాలివేళ్ళతో తడిమితే రెండు చిప్పల మధ్య మాంసముండే గుల్లలు తగిలేవి... బుట్టెడు ఏరుకుని వచ్చేవాళ్ళం. ఇసుక కక్కేదాకా వాటిని ఉప్పునీళ్ళ గోలెంలో ఉంచేది.

తర్వాత ఒక్కోదాన్నీ వేలితో తట్టి చూసేది. నోరు తెరిచి ఉన్న గుల్ల తట్టగానే మూసుకుంటే బతికున్నట్టు. మూసుకోకపోతే చచ్చినట్టే, బయటికి విసిరేసేది. మరిగే నీళ్ళలో వేశాక మాత్రం అన్నీ నోళ్ళు తెరవాలి. తెరవనిది ఎంత పెద్దదైనా పారేయాల్సిందే.

ఒకసారి అలా తెరవని గుల్ల ఒకటి నా కంటబడింది. గుప్పెడంత ఉంది. తమ్ముడేమో పెద్దదే కావాలని ఒకటే ఏడుపు... అమ్మ అటు తిరగగానే కత్తి మొనతో దాన్ని చీల్చి వాడి నోట్లో పెట్టేశాను. ప్రేమతోనే...

సాయంత్రానికి వాడికి వాంతులు. రెండు రోజులు చాప మీదనుంచి లేవలేదు.

"ఒసే, ఏటి పెట్టినావే సంటోడికి?"

చెప్పేశాను. వీపు పగులుతుందనుకున్నాను. అమ్మ కొట్టలేదు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు వాడికి చెంచాతో పోస్తూ, "పేమ ఉంటే సాలదే... సూసి పెట్టాల" అంది.

అదే మాట నీకూ నేర్పాను. నువ్వు పొయ్యి దగ్గర గొంతుక్కూర్చుని, "ఇప్పు తల్లీ, నోరిప్పు..." అని గుల్లల్ని బతిమాలేదానివి. మీ నాన్న మీద అలిగి నేను మూతి ముడుచుకుంటే, "అమ్మా, నోరిప్పుతావా? గుల్లల్తో పాటు నిన్నూ పారీమంతావా?" అని ఒకటే నవ్వు...

నిరుడు వానల్లో జ్వరం నిన్ను తీసుకుపోయింది. ఆ తర్వాత కూడా పొయ్యి వెలిగిస్తూనే ఉన్నాను, మీ నాన్నకి పెడుతూనే ఉన్నాను... నాకు మాత్రం ముద్ద దిగేది కాదు. జాకెట్లన్నీ వదులైపోయాయి.

మొన్న మీ మావ బుట్టెడు గుల్లలతో వచ్చాడు. నన్ను లేవనివ్వలేదు. తనే తట్టి చూశాడు, తనే ఉడకబెట్టాడు, ఒక్కోదాన్నీ గుమ్మం దగ్గరి వెలుగులో తిప్పి చూశాడు. ఇగురు వండి, అన్నంలో కలిపి కంచం నా ఒళ్ళో పెట్టాడు.

"నోరిప్పనివన్నీ పారేసినానక్కా. నువ్వు నాకెట్టినట్టు నేనెట్టనులే... తిను."

నవ్వొచ్చింది సిట్టీ. నవ్వుతూనే ఏడ్చాను... ఏడుస్తూనే కంచం ఖాళీ చేశాను.

ఇప్పుడు బజారులో గుల్లల మాంసం ఒలిచేసి సంచుల్లో అమ్ముతున్నారు. అందులో ఏది నోరు తెరిచిందో, ఏది తెరవలేదో ఎవరికి తెలుసు... మా రోజుల్లో తట్టి చూసే వేలొకటి ఉండేది.

చదివినవాళ్ళు, మీకు అలా చూసి పెట్టినవాళ్ళు ఎవరో ఒక్క మాట రాయండి. రాసే ముందు... తిన్నారో లేదో చూసుకోండి. తినకపోతే లేచి తినండి. కడుపు నిండా తినండి.