నేను చూడని పద్నాలుగో పని

నర్సీపట్నంలో ఐదేళ్లు వార్డు కౌన్సిలర్‌గా పనిచేశాను. ఆడవాళ్లకు కేటాయించిన వార్డు అది. గెలిచిన వారంలోనే రాజ్యాంగంలోని పన్నెండో షెడ్యూలును నోటు పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాను. పట్టణాలకు అప్పగించదగిన పనులు అందులో పద్దెనిమిది. ఏది చూసి వచ్చినా దాని పక్కన ఆ రోజు తేదీ వేసుకునేదాన్ని.

పద్నాలుగోది శ్మశానాలు. మా ఇళ్లలో ఆడవాళ్లు అక్కడికి వెళ్లరు. అక్కడ ప్రహరీ కట్టినప్పుడు మా ఆయన టేపు పట్టుకెళ్లి గోడ కొలిచి వస్తే, ఆ కొలత నమ్మి పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టాను. కొలత తప్పలేదు. చూసింది మాత్రం నేను కాదు.

ఒక వానాకాలం, శనివారం, మధ్యాహ్నం రెండుంబావుకు మా ఇంటి ముందు ఆటో ఆగింది. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక ముసలాయన, ఆయన బావమరిది దిగారు. ముసలాయన భార్య ఆ ఉదయం ఆసుపత్రిలో పోయింది. వాళ్ల ఊరికెళ్లే కొండదారి వానకు తెగిపోయింది. ఇక్కడే పూడ్చుకుందామని వెళితే శ్మశానం గేటుకు తాళం ఉంది. తాళంచెవి శ్మశానం పక్క వీధి పెద్ద దగ్గర ఉంది. బయటి ఊరివాళ్లకు ఇవ్వనన్నాడు ఆయన. శవం ఆటోలోనే ఉంది.

"సీకటడిపోతాదమ్మా. ఎక్కడికి తీసుకెల్లమంటారో బేగి సెప్పండి," అన్నాడు ముసలాయన.

మా ఆయన అనకాపల్లిలో ఉన్నారు. ఫోన్ చేస్తే, "నానొచ్చేసరికి ఏడవుద్ది. నువ్వు మాత్రం ఎల్లకు, ఫోన్లో సెప్పు," అన్నారు.

వీధి పెద్దకు ఫోన్లోనే చెప్పాను.

"మేడం గారూ, మీరు కుళాయిలు సూసుకోండి. కాటి సంగతి మీకేటండీ? ఎప్పుడైనా ఆ గేటు మొకం సూసారేటి?" అన్నాడాయన.

ఫోన్ పెట్టేశాను. ఆటో డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాను.

గేటు దగ్గరికి వచ్చిన వీధి పెద్దతో, "ఈ నేల మున్సిపాలిటీదండీ. ఏ ఒక్క వీధిదీ కాదు," అన్నాను.

"తీస్తానండీ. మీరే లోపలికెల్లి సోటు సూపించండి మరి," అని తాళం తీశాడు. నేను వెళ్లననే అనుకున్నట్టున్నాడు.

వెళ్లాను. గోడ పొడవు నాకు కంఠతా వచ్చు. లోపల సగం నేల పల్లమనీ, అక్కడ మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయనీ తెలియదు. ఎక్కడ ఇదివరకు పూడ్చారో, ఎక్కడ ఖాళీయో తెలియదు. ముసలాయన నా ముఖం వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎటూ చెయ్యి చూపలేకపోయాను.

కాసేపటికి వీధి పెద్దే లోపలికి వచ్చాడు. "అటేపు మెరకండీ," అని తూర్పు మూల చూపించి, ఇంటికెళ్లి గునపం, పార తెచ్చి బావమరిదికి ఇచ్చాడు.

ఐదూ నలభైకి మట్టి కప్పడం పూర్తయింది. మళ్లీ వస్తే ఈ చోటును ఎలా పోల్చుకోవాలని ముసలాయన అడిగాడు. గేటు దగ్గరికి వెళ్లి అడుగులు లెక్కపెడుతూ వచ్చాను. తిన్నగా నలభై రెండు, కుడికి పదకొండు. కాగితం మీద రాసిచ్చాను.

"సదువు రాదమ్మా. నోటితో సెప్పండి," అన్నాడు.

రెండుసార్లు చెప్పాను. ఆయన ఆటో ఎక్కేదాకా ఆ రెండు అంకెలూ పైకి అనుకుంటూనే నడిచాడు.