నారుకు విసనకర్ర

మా ఇంట్లో టేబుల్ ఫాను ముందు మొదటి చోటు టమాటా నారుది, రెండోది పిల్లిది. నాది మూడోది, అదీ పిల్లి లేచి వెళ్తేనే. కిటికీలోని మొక్కలు ఊగాలని మా అమ్మాయి చేసిన ఏర్పాటు అది. అవి ఊగుతుంటే నాకు మా మామ్మ గుర్తొస్తుంది.

నా చిన్నప్పుడు పి.గన్నవరం దగ్గర మా ఊళ్లో వరద నీళ్లు దొడ్లోకి వచ్చి వంగనారంతా కుళ్లిపోయింది. మిగిలిన చిటికెడు విత్తనాలను మామ్మ కొబ్బరి చిప్పల్లో చల్లి కిటికీలో పెట్టింది. అవీ పోతే ఆ ఏడు మాకు వంకాయ కూర లేనట్టే. మొలకలు లేచాక రోజూ పొద్దున్నే తాటాకు విసనకర్రతో వాటికి విసిరేది. పాపం, వాటికి ఉక్కపోస్తోందనుకున్నాను నేను.

"నాకూ చెమటలు పోస్తున్నాయి మామ్మా!"

"నువ్వేమన్నా వంకాయలు కాస్తావేంట్రా? ఇదుగో, నువ్వే విసురు."

మొక్కలు వణికిపోతుంటే విరుగుతాయేమోనని చెయ్యి ఆపేశాను.

"ఊగనీరా. ఇంట్లో పెరిగే కాడ ఊగితేనే గట్టిపడేది."

వరద తగ్గాక వాటిని దొడ్లో నాటాం. ఆ సాయంత్రమే గోదారి గాలి లేచింది. నేను విసనకర్ర పట్టుకుని పరుగెత్తాను. మొక్కలు నేలకు వంగి మళ్లీ లేస్తున్నాయి. ఒక్కటీ పడలేదు. రాబోయే గాలిని మామ్మ వాటికి కొంచెం కొంచెంగా అలవాటు చేసిందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అంత గాలిలోనూ వాటి పక్కన కూర్చుని విసురుతూనే ఉన్నాను.

మామ్మ అరుగు మీంచి కేకేసింది.

"గోదారికి నీ సాయం చాల్లే నాయనా! ఇహ వాటి గాలి అవి తింటాయి, నువ్వొచ్చి అన్నం తిను."