ఉప్పునీళ్ల చేపలు, తమ్ముడి ఉయ్యాల

ఇంట్లో తొట్టిలో చేప చచ్చి తేలితే ఎవరైనా తొట్టి దగ్గరికి వెళ్తారు. మా అమ్మ ఉయ్యాల దగ్గరికి పరిగెత్తేది. తమ్ముడి ముక్కు కింద వేలు పెట్టి, ఊపిరి తగిలాకే "ఇంకోటి పోనాది" అని మాతో చెప్పేది.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాది రెండు గదుల రైల్వే క్వార్టరు. ఆవిరి ఇంజిన్ల రోజులు. నాకూ తమ్ముడికీ మధ్య ఇద్దరు పిల్లలు ఆ ఇంట్లోనే పుట్టి, కూర్చోవడమైనా రాకముందే పోయారు. ఎందుకు పోయారో ఏ డాక్టరుకీ అంతుపట్టలేదు. అందుకే తమ్ముడు పుట్టగానే మామ్మ, అంటే నాన్నమ్మ, వాణ్ణి చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టి మళ్లీ తెచ్చుకుంది. ముక్కు కూడా కుట్టించింది. పిల్లాడు దక్కాలంటే అలా చెయ్యాలట.

అలాంటి ఇంట్లోకి చేపలు తెచ్చాడు మా నాన్న. ఆయనకి బుద్ధి లేదనను గానీ, ఉన్నదంతా చేతుల్లోనే ఉండేది. వర్క్‌షాపులో ఇంజిన్లకి రాగి గొట్టాలు వంచి బిగించడం ఆయన పని. ఊరి చివర హిజ్లీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఒక బెంగాలీ ప్రొఫెసరు గారింటికి ఏదో రిపేరుకని వెళ్లి, అక్కడ అద్దాల తొట్టిలో సముద్రపు చేపల్ని చూశాడు. ఇంకేముంది! పాత కిటికీ అద్దాలతో తానూ ఒక తొట్టి కట్టి, దీఘా నుంచి బస్సులో డబ్బాల నిండా సముద్రపు నీళ్లూ, నల్లచారల పిల్ల చేపలూ మోసుకొచ్చాడు. గాలి కోసం ఒక లారీ ట్యూబు. దాన్ని సైకిలు పంపుతో నింపితే, సన్నటి రబ్బరు గొట్టం గుండా గాలి బుడబుడమంటూ నీళ్లలోకి వచ్చేది. చేపలు హాయిగా తిరిగేవి. వాటిని చూసి తమ్ముడు కిలకిలమనేవాడు, వాణ్ణి చూసి అమ్మ నవ్వేది. మా ఇంట్లో అమ్మ నవ్వు వినపడి ఎన్నాళ్లయిందో!

కొన్నాళ్లకి రబ్బరు పగిలింది. నాన్న గోల్ బజారు తుక్కు కొట్టులో రాగి గొట్టం కొని, ఇంజిన్లో బిగించేంత ముచ్చటగా వంచి తొట్టిలో దించాడు.

"ఇనుమైతే ఉప్పునీటికి తుప్పట్టిపోద్ది. రాగికి సావు నేదు," అని మురిసిపోయాడు.

ఆ వారంలోనే ఒక చేప వెల్లకిలా తేలింది. తర్వాత ఇంకొకటి రాయి పక్కన వాలిపోయి దొరికింది. ఒంటి మీద గాటు లేదు, మచ్చ లేదు. మిగిలినవి మేత వేసినా పైకి రాకుండా నోళ్లు తెరుచుకుని ఆయాసపడేవి. నాన్న మళ్లీ దీఘా వెళ్లి కొత్తవి తెచ్చాడు. అవీ అంతే.

"అంతా మురికి వల్లేరా," అంది మామ్మ. గొట్టానికి పచ్చగా చిలుము పట్టింది మరి. ఆవిడ శుభ్రం సంగతి చెప్పాలా, చింతపండు పెట్టి దేవుడి చెంబు తోమినట్టు తళతళా తోమి మళ్లీ నీళ్లలో పెట్టించేది. నాన్న ఇంకాస్త గాలి కొట్టేవాడు. చేపలు ఇంకాస్త తొందరగా చచ్చేవి.

అమ్మకి అన్నం సయించడం మానేసింది.

"ఆ ఇద్దర్నీ ఎత్తుకుపోయిందే మళ్లీ ఒచ్చినాది. సేపల్తో మొదలెట్టినాది. రేపు నా గుంటడు. ఊరెల్లిపోదుం రండి," అని నాన్న కాళ్లావేళ్లా పడింది.

"ఏటే ఆ మాటలు! సేపలు సస్తే గుంటడికేటి?" అని కసిరాడు నాన్న.

కసరడమైతే కసిరాడు గానీ, ఆ మర్నాటి నుంచి డ్యూటీ దిగి రాగానే ఆయన కూడా ముందు ఉయ్యాల వైపే చూడడం నా కంటపడింది. అమ్మ భయపడితే నాన్న ఉన్నాడనుకునేదాన్ని. నాన్నే భయపడితే ఇంకెవరున్నారు? బళ్లో కూర్చున్నా వేలు నా ముక్కు కిందే ఉండేది, నా ఊపిరి నేనే చూసుకునేదాన్ని.

ఒక పొద్దున్న తమ్ముడి ఒళ్లు కాలిపోతూ ఉంది, పాలు పట్టడం లేదు. అదే పొద్దున్న ఆఖరి చేప తేలింది. అమ్మ వాణ్ణి గుండెకి అదుముకుని వీధిలోకి నడిచి, ఇక ఈ ఇంట్లో అడుగు పెట్టనంది. చేపలెందుకు చస్తున్నాయో తేల్చుకుందామని నాన్న సైకిలెక్కి హిజ్లీ వెళ్లి ప్రొఫెసరు గారిని వెంటబెట్టుకొచ్చాడు.

ఆయన తొట్టిని ఒక్కసారి చూసి, ఆ గొట్టం రాగిదా అని హిందీలో అడిగారు. ఉప్పునీళ్లలో రాగి కరుగుతుందనీ, అది చేపలకి విషమనీ, తోమినకొద్దీ ఇంకా కరుగుతుందనీ నెమ్మదిగా చెప్పి వెళ్లారు.

మామ్మ నెత్తి బాదుకుంది. "ఓలమ్మో! కళాయి నేని రాగి గిన్నెలో పులుసు కాస్తే ఇసమని నాకు తెల్దేటి! సేపల కాడ తట్టనేదే!"

నాన్న గట్టిగా ఊపిరి వదిలాడు. దయ్యమూ లేదు, గియ్యమూ లేదు. గుమ్మం బయట నిలబడ్డ అమ్మతో, "ఇన్నావా? మన సేతుల్తో మనమే సేసినాం. ఇంకేటీ నేదు," అని నవ్వాడు కూడా. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అమ్మ నవ్వలేదు. లోపలికొచ్చి, తళతళలాడుతున్న ఆ గొట్టాన్ని చూసింది.

"మరైతే ఆ ఇద్దరు గుంటలకీ మనం ఏటి సుబ్బరం సేసి ఎట్టినామండీ?" అని అడిగింది.

నాన్న ఆ గొట్టాన్ని తొట్టిలోంచి ఊడదీసి తుక్కులో పారేశాడు.

తమ్ముడిది పళ్లు వచ్చే జ్వరం, మర్నాటికి తగ్గింది. వాడు బతికాడు, మీసాలొచ్చాయి, వర్క్‌షాపులోనే చేరాడు. ఊరెళ్లిపోదామని అమ్మ మళ్లీ ఎన్నడూ అనలేదు. దయ్యాల భయం ఆవిడకి అంతటితో పోయింది. కానీ పాలు మానిన దగ్గర్నుంచి వాడికి అన్నం నేనే కలపాలి, నేనే పెట్టాలి, నేను లేకపోతే మామ్మ. వాడు అమ్మ చేతి ముద్ద ఎరగడు.