మామ కారు చప్పుడు

మా మామ ఏం చెప్పినా చివర చూపుడువేలు పైకెత్తి, ‘ఇన్నావా అబ్బీ?’ అని అడిగేవాడు. కారు కొన్నాక ఆ వేలు దిగనే లేదు. ఇంజన్‌ది పీలగొంతట. అది గాలి పీల్చే గొట్టం మారిస్తే గంభీరంగా మోగుతుందట.

కమలాపురం రోడ్డు మీది షెడ్డులో మెకానిక్ ఒక్కో గొట్టం మార్చి బిగించినప్పుడల్లా, మామ నన్ను మిట్టమధ్యాహ్నపు ఎండలో రోడ్డు పక్కన నిలబెట్టి, నా ముందు నుంచే దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయేవాడు. తిరిగొచ్చి అద్దం దించేవాడు.

‘ఇన్నావా అబ్బీ?’

‘అన్నీ ఒకే మాదిరి ఉండాయి మామా.’

‘నువ్వు సరిగ్గా ఇన్లేదు. ఇంగోసారి పోతా.’

నా పళ్ల మధ్య దుమ్ము కరకరలాడింది. చివరికి అన్నిటికన్నా పెద్దగా అరిచే గొట్టమే ఖాయమైంది.

అత్త రోజూ వీధి మలుపులోనే మామ కారు చప్పుడు పసిగట్టి, ఆయన వచ్చేసరికి గేటు తీసి నిలబడేది. ఆ రోజు కొత్త గొట్టంతో, నన్నూ ఎక్కించుకుని ఇంటికొస్తే గేటు తెరుచుకోలేదు. మామ హారన్ కొట్టలేదు. ఆక్సిలరేటర్ తొక్కుతూ అలాగే కూర్చున్నాడు. విసుగొచ్చి నేనే దిగి గేటు తీశాను.

‘మీరేనా? ఎవురిదో లారీ అనుకుంటి’ అంది అత్త వరండాలోంచి.

మామ వేలు స్టీరింగ్ మీదే ఉండిపోయింది. ‘ఇన్నావా మామా?’ అన్న మాట నా నోటిదాకా వచ్చింది. దుమ్ముతో కలిపి మింగేశాను.