నడుము చాప విప్పిన పౌలియాసి

పౌలియాసి వడ్రంగం నేర్చుకున్నది కుర్చీలు విరగ్గొట్టి. టోంగా దేశపు వావావు దీవి నుంచి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కు వచ్చిన కొత్తలో ఎవరింటికెళ్లి కూర్చున్నా అతని బరువుకు కుర్చీ కాళ్లు ఊడొచ్చేవి. సిగ్గుపడి వాటిని ఇంటికి మోసుకొచ్చి, విప్పి చూసి, మళ్లీ బిగించి ఇచ్చేవాడు. అలా ఏ అతుకు ఎక్కడ లొంగిపోతుందో తెలిసింది. ఆ ఊరి మాంగెరె పేటలోని టోంగా వాళ్ల చర్చిలో ఇప్పుడున్న బెంచీలన్నీ అతను చేసినవే. "నేను కూర్చుని లేచాక ఇక ఆ బెంచీకి వేరే పరీక్ష అక్కర్లేదు" అంటాడు.

బెంచీకి ఇచ్చినంత హామీ తన ప్రాణానికి ఇవ్వలేడు. పోయినేడు తమ్ముడు గుండె ఆగి చనిపోయాడు. బీమా లేదు. బ్యాంకు అప్పు కట్టలేక మరదలు ఇల్లు వదిలేసి, తన అక్క ఇంట్లో ఓ గదిలో సర్దుకుంది. పౌలియాసి ఇంటి మీదా అప్పుంది. తన భార్య లోసెలికి ఆ అవస్థ రాకూడదని జీవిత బీమాకూ ఆరోగ్య బీమాకూ కలిపి దరఖాస్తు పెట్టాడు. ఫోనులో బరువెంతని అడిగారు. చెప్పాడు. ఆ అంకెను మళ్లీ చెప్పించుకున్నారు. తర్వాత, కొలవడానికి నర్సును ఇంటికే పంపుతామన్నారు.

నర్సు వచ్చే రోజు పౌలియాసి తండ్రి ఇచ్చిన తఓవల తీసి నడుముకు చుట్టి, తాడు బిగించాడు. మందంగా అల్లిన చాప అది. గౌరవించాల్సిన వాళ్ల ముందుకు అది లేకుండా వెళ్తే చొక్కా లేకుండా వెళ్లినట్టే. తన చావు సంగతి తేల్చడానికి వచ్చే మనిషిని అంతకంటే తక్కువగా ఎలా ఆహ్వానిస్తాడు?

నర్సు బ్రిజెట్ సన్నగా ఉంది. లోసెలి ఆమెకు అన్నం పెట్టకుండా పని మొదలుపెట్టనివ్వలేదు. తిన్నాక ఆమె బరువు యంత్రాన్ని నేల మీద పెట్టి, "ఆ చాప విప్పాలండీ" అంది.

"విప్పితే మిమ్మల్ని అవమానించినట్టమ్మా."

"నాకేం అవమానం లేదు. అలాగే ఎక్కితే దాని బరువు కూడా మీ లెక్కలో రాయాలి."

"విప్పవయ్యా" అంది లోసెలి. "నీ బరువుతోనే చస్తుంటే మీ నాన్న చాప బరువు కూడా ఎందుకు?"

"విప్పుతుంటే నాన్న ఎదురుగా ఉన్నట్టుందే."

"ఎదురుగా ఉన్నది నేను. నువ్వు పోయాక ఈ ఇంట్లో ఉండాల్సిందీ నేనే."

పౌలియాసి తాడు విప్పాడు. చాపను నలక్కుండా చుట్టి బల్ల మీద పెట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. యంత్రం ఎక్కి అంకె చూశాడు.

"ఇన్నాళ్లూ ఫొటోల్లో లావుగా పడితే నెపం చాప మీదికి నెట్టేవాణ్ని. పాపం, దాని తప్పేం లేదు" అన్నాడు.

బ్రిజెట్ టేపు అతని నడుము చుట్టూ తిరిగి రావడానికి చాలలేదు. పౌలియాసే చాప తాడు చుట్టుకుని, కలిసిన చోట పెన్సిలుతో గీత పెట్టి, నేల మీద పరిచి తన టేపుతో కొలిచాడు. కాస్త తగ్గించమని లోసెలి కళ్లతోనే చెప్పింది.

"కొలత తప్పు చెప్తే తలుపు చట్రంలో పట్టదే" అని ఉన్నదున్నట్టు రాయించాడు.

కొన్ని వారాలకు బీమా సలహాదారు ఫోను చేశాడు. పౌలియాసి భోజనం ముందు కూర్చుని విన్నాడు.

"ఏమన్నారు?" అంది లోసెలి.

"ప్రాణానికి సరేనన్నారు, మామూలు కంటే ఎక్కువ కట్టాలట. ఆరోగ్యానికీ సరే, మోకాళ్లూ నడుమూ తప్ప."

"అంటే నువ్వు వాడేవన్నీ తప్ప. ఇంకేం మిగిలింది?"

"చెవులు. నీతో కాపురానికి అవేగా కావాల్సింది."

"ఇల్లో?"

"నీదే. నేను పోతే ఆ డబ్బుతో అప్పు తీరుతుంది, నిన్నెవరూ కదపలేరు. ఎక్కువైనా కడతానని ఒప్పుకున్నాను."

లోసెలి అతని కంచంలోంచి పెద్ద మాంసం ముక్క తీసి తన కంచంలో వేసుకుంది.

"నాకు ఇల్లొక్కటే ఉంటే చాలదు" అంది.

పౌలియాసి ఆ ముక్క వైపు దిగులుగా చూశాడు గానీ, తిరిగి అడగలేదు.